స్టాటిస్టిక్స్ క్లాసులో లెక్కలు తక్కువ, రాత ఎక్కువ

అమెరికాలో రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలైన కమ్యూనిటీ కాలేజీల ఆన్‌లైన్ కోర్సుల గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది చివరికి స్టాటిస్టిక్స్ దగ్గరే వచ్చి ఆగుతున్నారు. ఈసారి ఆ ఉత్తరాలే తీసుకున్నాను. అన్నీ కాలిఫోర్నియా నుంచి వచ్చినవి, కాబట్టి ఫీజులూ రూల్సూ అక్కడివే చెబుతున్నాను.

ప్రశ్న: అక్కా, నేను గుంటూరులో బీకాం చేశాను. పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాం, హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఉన్నాను. పాప స్కూలుకెళ్తోంది, బాబుకి మూడేళ్లు. నర్సింగ్‌కి అప్లై చేద్దామంటే ముందు స్టాటిస్టిక్స్ పూర్తిచేసి రమ్మన్నారు. మా దగ్గరి కాలేజీలో ఆన్‌లైన్‌లోనే 16 వారాలది ఒకటి, 8 వారాలది ఒకటి ఉన్నాయి. తొందరగా అయిపోతుంది కదా, 8 వారాలది తీసుకో అంటున్నారు మావారు. లెక్కలు వదిలేసి ఏళ్లయింది, చేరేముందు టెస్టు పెడతారేమోనని టెన్షన్. ఫీజు ఎంతవుతుంది?
— ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్

జవాబు: ముందు మీవారికి ఈ లెక్క చూపించండమ్మా. ఇక్కడ ఒక సెమిస్టర్ యూనిట్ అంటే పాఠం వినడం, చదువుకోవడం, హోంవర్కు అన్నీ కలిపి కనీసం 48 గంటల పని. స్టాటిస్టిక్స్ చాలా కాలేజీల్లో 4 యూనిట్లు, అంటే 192 గంటలు. 16 వారాలకు పంచితే వారానికి 12 గంటలు, 8 వారాలైతే 24, అదే వేసవిలో 6 వారాల్లో కుక్కితే 32. వారాలు తగ్గాయని సిలబస్‌లో ఒక్క పేజీ కూడా తగ్గదు. మూడేళ్ల పిల్లాడిని ఇంట్లో పెట్టుకుని వారానికి 24 గంటలు ఎక్కడినుంచి తెస్తారు? వాడికి నాలుగు రోజులు జ్వరం వచ్చిందంటే మీకు రెండు చాప్టర్లు గల్లంతు. 16 వారాలదే తీసుకోండి, మీవారు ఏమన్నా సరే.

టెస్టు భయం వదిలేయండి. 2017లో ఏబీ 705 అనే చట్టం వచ్చాక పాత ప్లేస్‌మెంట్ పరీక్షలు పోయాయి. ఇక్కడ హైస్కూలు చదవనివాళ్లకి ఆన్‌లైన్‌లో కొన్ని ప్రశ్నలు అడిగి, మీకు ఏ కోర్సు సరిపోతుందో మీరే ఎంచుకునేలా దారి చూపిస్తారు. ఆల్జీబ్రా మరీ తుప్పు పట్టింది అనిపిస్తే, అదే టర్మ్‌లో పక్కన సపోర్ట్ క్లాసు కూడా ఉన్న సెక్షన్ దొరుకుతుందేమో చూడండి. ఇంకో సంగతి, 2025 ఫాల్ నుంచి ఈ కోర్సుకి రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీలన్నిటికీ ఉమ్మడిగా స్టాట్ సీ1000 అనే నంబరు పెట్టారు. కాబట్టి మీ కాలేజీలో సీటు లేకపోతే ఎక్కడో శాక్రమెంటో కాలేజీలో ఆన్‌లైన్ సెక్షన్ ఉన్నా నిక్షేపంగా చేరొచ్చు. నర్సింగ్ ప్రోగ్రామ్ వాళ్లని మాత్రం ముందే ఈమెయిల్‌లో అడిగి, వాళ్ల జవాబు దాచుకోండి.

ఫీజు సంగతికొస్తే కాలిఫోర్నియా నివాసితులకి యూనిట్‌కి 46 డాలర్లు. 4 యూనిట్లకి 184, దానిమీద హెల్త్ ఫీజు లాంటి చిల్లర ఖర్చులు. హెచ్-4 వాళ్లకి ఈ రేటు ఇవ్వరని మనవాళ్లలో ఒక ప్రచారం ఉంది, అది నిజం కాదు. ఎఫ్-1 (విద్యార్థి), బి-2 (సందర్శకుల) వీసాల మీద ఉన్నవాళ్లని నివాసితులుగా చూడరు కానీ హెచ్-4 వాళ్లని చూస్తారు. టర్మ్ మొదలయ్యేసరికి ఏడాది మీద ఒక రోజు కాలిఫోర్నియాలో ఉన్నట్టు, ఇక్కడే ఉండే ఉద్దేశంతో ఉన్నట్టు కాగితాలు చూపించాలి. అప్లికేషన్‌లో ఒక్క గడి తప్పుగా నింపితే నాన్‌రెసిడెంట్ బిల్లు వస్తుంది, దాన్ని చూస్తే గుండె జారిపోతుంది. కంగారుపడి డ్రాప్ చేయకండి. అడ్మిషన్స్ ఆఫీసుని అడిగితే ఏమేం కాగితాలు కావాలో చెప్పి సరిచేస్తారు.

పుస్తకానికి డబ్బు పెట్టక్కర్లేదు. క్లాసుల పట్టికలో జీరో టెక్స్ట్‌బుక్ కాస్ట్ అనే గుర్తు ఉన్న సెక్షన్ వెతకండి. చాలామంది టీచర్లు ఓపెన్‌స్టాక్స్ వాళ్ల ‘ఇంట్రడక్టరీ స్టాటిస్టిక్స్’ వాడతారు, ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం. రాసిన ఇద్దరూ మీకు దగ్గర్లోనే కూపర్టినోలో ఉన్న డి ఆంజా కాలేజీ టీచర్లు, అందుకే కమ్యూనిటీ కాలేజీ పిల్లలకి ఎక్కడ కాలు జారుతుందో తెలిసి రాసినట్టు ఉంటుంది.

ఇక అసలు విషయం. బీకాంలో మీరు స్టాటిస్టిక్స్ చదివే ఉంటారు. అంకమధ్యమం, మధ్యగతం, ప్రామాణిక విచలనం, కార్ల్ పియర్సన్ గుణకం, పెద్ద పట్టిక గీసి వరుసలు కూడి చివర్లో జవాబు కింద రెండు గీతలు. ఇక్కడ ఆ పనంతా కంప్యూటర్ చేస్తుంది, మీ మార్కులు దాని తర్వాత రాసే వాక్యంలో ఉంటాయి. ఒక నమూనా చూడండి. ఒక కాలేజీలో కొంతమంది విద్యార్థులని అడిగి, రాత్రి నిద్ర సగటుకి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు సగటు ఉండొచ్చని అంచనా వేసే హద్దులు) లెక్కకట్టారు, 6.2 నుంచి 7.1 గంటలు వచ్చింది, దీని అర్థం ఒక వాక్యంలో రాయండి అంటారు. ‘95 శాతం మంది విద్యార్థులు 6.2 నుంచి 7.1 గంటలు నిద్రపోతారు’ అని రాస్తే తప్పు. మనం కొలిచింది ఒక్కొక్కరి నిద్రని కాదు, సగటుని. ‘ఈ కాలేజీ విద్యార్థులందరి సగటు నిద్ర 6.2 గంటలకీ 7.1 గంటలకీ మధ్య ఉందని 95 శాతం కాన్ఫిడెన్స్‌తో చెప్పగలం’, ఇది ఒప్పు. అందరి, సగటు అనే రెండు మాటలూ పడాలి, గంటలు అనే కొలమానమూ పడాలి. ఏది జారినా మార్కు పోతుంది. లెక్కల్లో ఎప్పుడూ తొంభై పైన తెచ్చుకున్నవాళ్లు కూడా ఇక్కడే నీళ్లు నమలడం ట్యూటరింగ్‌లో చూస్తూనే ఉంటాను, అంకె సరిగ్గా వచ్చింది కదండీ ఇంకేం కావాలి అంటారు. అందుకని ప్రతి చాప్టర్‌కీ అలాంటి ఒక్క వాక్యాన్ని ఇంగ్లీషులో నోట్‌బుక్‌లో రాసుకుని, లెక్క మారినప్పుడల్లా మీ చేత్తో మళ్లీ రాయండి. ఇంగ్లీషు గొప్పగా ఉండక్కర్లేదు, ఎవరి గురించి ఏం చెబుతున్నారో తేలితే చాలు.

ఆన్‌లైన్ కదా, నిదానంగా చూద్దాం అనుకునేవాళ్లు మొదటి వారమే దెబ్బతింటారు. క్లాసు నడిచే కాన్వాస్ అనే వెబ్‌సైట్‌లో లాగిన్ అయినంతమాత్రాన హాజరు పడదు. మొదటి వారం డిస్కషన్‌లో మీ పరిచయం రాయాలి, సిలబస్ మీద చిన్న క్విజ్ ఉంటే చేయాలి, లేదంటే మిమ్మల్ని తీసేసి వెయిట్‌లిస్టులో ఉన్నవాళ్లకి సీటు ఇచ్చేస్తారు. తర్వాత కూడా వారం వారం ఏదో ఒకటి సబ్మిట్ చేయాల్సిందే, సాధారణంగా ఆదివారం రాత్రి 11:59కి. మనకి పరీక్ష ముందు రాత్రి గైడు తిరగేసి గట్టెక్కడం అలవాటు, ఆ విద్య ఇక్కడ ఒక్క మిడ్‌టర్మ్‌కి కూడా పనిచేయదు. నిజంగానే కుదరకపోతే డబ్ల్యూతో (విత్‌డ్రా) విరమించుకునే గడువు ఎప్పుడో క్యాలెండర్‌లో ఇప్పుడే రాసిపెట్టుకోండి. డబ్ల్యూ అంటే జీపీఏ (గ్రేడుల సగటు) కదలదు, ఎఫ్ అంటే కదులుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి 11వ తరగతి. ఏపీ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) స్టాటిస్టిక్స్ బదులు వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో చేస్తానంటున్నాడు. కాలిక్యులస్ రానివాళ్లు తీసుకునేదే స్టాటిస్టిక్స్ అని మా స్నేహితులు అంటున్నారు. పైగా వాడు అక్కడ ఇప్పటికే తీసుకున్న ఒక క్లాసు ప్రొఫెసర్‌కి మార్కుల గురించి నేను రెండు ఈమెయిల్స్ పెడితే జవాబే ఇవ్వడంలేదు.
— ఒక తండ్రి, శాన్ రామోన్

జవాబు: ఈమెయిల్ సంగతి ముందు తేల్చేద్దాం. ఫెర్పా అనే ఫెడరల్ చట్టం ప్రకారం పిల్లలు కాలేజీ క్లాసులో చేరారంటే, వయసు 16 అయినా సరే, ఆ రికార్డు మీద హక్కు వాళ్లది. అబ్బాయి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా మార్కులు మీకు చెప్పడం ప్రొఫెసర్ చేతిలో లేదు. ఆయన మర్యాద తెలియక ఊరుకోలేదండీ. అబ్బాయిచేతే రాయించండి, అదీ ఒక చదువే.

హైస్కూలు పిల్లలకి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు మాఫీ చేస్తారు, అది బాగుంది. కాకపోతే ఈ గ్రేడు అతని కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ మీద శాశ్వతంగా ఉండిపోతుంది, ఏపీలో స్కోరు బాగా రాకపోతే పంపకుండా ఊరుకోవచ్చు. పైన చెప్పిన లెక్కలో వేసవి 6 వారాలంటే వారానికి 32 గంటలు. మధ్యలో ఇండియా ట్రిప్పు ఉంటే ఆ మాటే ఎత్తకండి, విజయవాడలో అమ్మమ్మ వాళ్లింట్లో కూర్చుని కాలిఫోర్నియా టైము ప్రకారం క్విజ్ రాయడం అయ్యేపని కాదు. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), కాల్ స్టేట్ యూనివర్సిటీలలో ఈ కోర్సు దేనికింద లెక్కలోకి వస్తుందో అసిస్ట్ డాట్ ఆర్గ్‌లో కాలేజీ పేరు కొట్టి చూడొచ్చు. ప్రైవేటు యూనివర్సిటీలూ బయటి రాష్ట్రాలూ అయితే ఒక్కొక్కళ్లని విడిగా అడగాల్సిందే.

మీ స్నేహితుల మాట మాత్రం పట్టించుకోకండి. ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎమ్మే చేసిన మన సి.ఆర్.రావు గారు 1945లో, పాతికేళ్ల వయసులో, రాసిన ఒక్క పేపర్‌లోని ఫలితాలు ఈనాటికీ ఆయన పేరుతోనే క్లాసుల్లో చెబుతున్నారు. 2023లో, నూరేళ్లు దాటాక, ఆయనకి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చారు. అలాగని ఇంజినీరింగ్‌కి వెళ్లే పిల్లాడికి ఇది కాలిక్యులస్ బదులు సరిపోతుందనుకోకండి, అతనికి రెండూ కావాలి.

ప్రశ్న: క్విజ్‌లో పీ-వాల్యూ 0.01 వచ్చింది. ‘నల్ హైపోథిసిస్ నిజమయ్యే అవకాశం 1 శాతం’ అని రాశాను. సున్నా వేశారు. ఎంత చదివినా తేడా అర్థం కావడంలేదు.
— ఒక విద్యార్థిని, శాన్ హోసే

జవాబు: మీ అపార్ట్‌మెంట్ల క్రికెట్ టీమ్ కెప్టెన్ 10 టాసుల్లో 9 గెలిచాడనుకోండి. అవతలివాళ్లకి అనుమానం, నాణెంలో ఏదో ఉందని. నల్ హైపోథిసిస్ ఏమిటంటే నాణెం మంచిదే. మంచిదే అని ఒప్పేసుకుని, అలాంటి నాణెంతో 10కి 9 గానీ 10 గానీ గెలిచే అవకాశం ఎంత అని చూస్తాం. 10 టాసులకి 1024 వరసలు, వాటిలో 9 గెలిచేవి 10, మొత్తం గెలిచేది 1, అంటే 1024లో 11, సుమారు 0.01. అదే పీ-వాల్యూ. చూశారా, నాణెం మంచిదే అన్నది లెక్క మొదలుపెట్టకముందే ఒప్పేసుకున్నాం. ముందే ఒప్పుకున్నదానికి చివర్లో అవకాశం ఎలా వస్తుంది? కాబట్టి ‘నల్ హైపోథిసిస్ నిజమే అయితే, ఇంత తేడా గానీ ఇంతకంటే ఎక్కువ తేడా గానీ కనపడే అవకాశం 1 శాతం’ అని రాయండి. వాక్యం ‘నిజమే అయితే’ అనే షరతుతో మొదలవ్వాలి. 10కి 8 గెలిచి ఉంటే, 8 గానీ ఎక్కువ గానీ గెలిచే వరసలు 1024లో 56, అంటే 0.05 దాటుతుంది, అప్పుడు పీ-వాల్యూ 0.05 కంటే తక్కువైతేనే అనుమానించాలని గీత పెట్టుకున్నవాళ్లు కెప్టెన్‌ని ఏమీ అనలేరు. నాణెం మంచిదని రుజువైంది అని కూడా రాయకూడదు, తప్పు అనడానికి ఆధారం చాల్లేదు అని మాత్రమే రాయాలి. ఇంకో మార్కు అక్కడ పోతుంది.

ప్రశ్న: టీఐ-84 కాలిక్యులేటర్ కొనాలా? హోంవర్కు ఏఐతో చేయిస్తే పట్టుకుంటారా?
— ఒక పాఠకుడు, ఇర్వైన్

జవాబు: సిలబస్ వచ్చేదాకా కొనకండి. కొందరు టీచర్లు గూగుల్ షీట్స్‌తోనో డెస్మోస్ అనే ఉచిత ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌తోనో నడిపిస్తారు, కొన్ని కాలేజీ లైబ్రరీలు టర్మ్ అంతటికీ కాలిక్యులేటర్ అరువిస్తాయి కానీ అవి మొదటి వారంలోనే అయిపోతాయి. ఇక రెండోది: పట్టుకుంటారో లేదో ఆ టీచరుని బట్టి ఉంటుంది, కానీ పరీక్షలో కెమెరా ఆన్ చేసి కూర్చోబెట్టే సెక్షన్లు చాలానే ఉన్నాయి. హోంవర్కులో నూటికి నూరు ఉన్న మనిషి మిడ్‌టర్మ్‌లో ముప్పై తెస్తే ఆ టీచరు ఏమనుకుంటారో మీకే తెలుస్తుంది. అర్థంకాని చోట వివరించమని అడగడానికి ఏఐని వాడొచ్చో లేదో సిలబస్‌లో రాసి ఉంటుంది, లేకపోతే ఆఫీస్ అవర్స్‌లో జూమ్‌లోకి వెళ్లి అడగండి. అక్కడ మీరొక్కరే ఉండే అవకాశం ఎక్కువ.