కాక్స్ బజార్ వెళ్తున్న చిట్టికి

చిట్టీ,

నువ్వు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ వెళ్తున్నావని, మళ్లీ మహమ్మారి వస్తే మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాల శిబిరాల్లో ఏం చెయ్యాలో సిద్ధం చేసే పనికని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంగా ఉంది. రాత్రంతా నిద్ర మాత్రం పట్టలేదు.

టీకాలు వేయించుకో, వానాకాలానికి రబ్బరు బూట్లు కొనుక్కో. ఇవి నీకు తెలిసినవే. "దూరం పాటించండి" అని మాత్రం అక్కడ అనకు. చదరపు కిలోమీటరుకు దాదాపు 40,000 మంది, ఒక్క గదిలో ఇంటిల్లిపాదీ. దూరం వాళ్ల చేతుల్లో లేదమ్మా.

ఆ శిబిరాల క్లినిక్‌లో పనిచేసినప్పుడు నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. 2020 మే 14న శిబిరాల్లో మొదటి కోవిడ్ కేసు బయటపడింది. ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక ముసలమ్మ జ్వరంతో, ఆయాసంతో వచ్చింది. పీపీఈ కిట్‌లో నా కళ్లు తప్ప ఇంకేమీ కనపడవు. అంబులెన్స్ పిలిచాను. కోడలు ఏదో అడుగుతుంటే "తర్వాత, తర్వాత" అన్నాను. ముసలమ్మ కోడలి ముసుగు అంచు పట్టుకుని వదల్లేదు. ఆ వేళ్లు ఒక్కొక్కటీ నేనే విడదీశాను.

మర్నాడు క్లినిక్ ముందు ఒక్కరూ లేరు. జ్వరమొస్తే తీసుకెళ్లి చంపేస్తారని పుకారు. 2019 సెప్టెంబరు నుంచి అక్కడ మొబైల్ ఇంటర్నెట్ మీద ఆంక్షలు ఉండేవి, నిజం కనుక్కునే దారి లేకపోయింది. అలాంటి చోట నేను రెండు నిమిషాలు ఆగలేకపోయాను. పన్నెండో రోజున ఆ ముసలమ్మ నడుచుకుంటూ ఇంటికొచ్చింది. ఈలోగా ఎన్ని జ్వరాలు గుడిసెల్లోనే దాక్కున్నాయో! మనిషిని ఎక్కడికి తీసుకెళ్తున్నారో, కబురు ఎప్పుడొస్తుందో, బండి కదలకముందే వాళ్ల భాషలో చెప్పించు. చెప్పేవాళ్లు రోహింగ్యా వాలంటీర్లే అయితే ఇంకా మంచిది.

శిబిరాల చుట్టుపక్కల ఉన్న ఉఖియా, టెక్నాఫ్ ఊళ్లవాళ్లనూ మర్చిపోకు. 2017లో ఏడు లక్షల మందికి పైగా తరలివస్తే ముందుగా అన్నం పెట్టింది, చోటిచ్చింది వాళ్లలో చాలామంది. లాక్‌డౌన్‌లో వాళ్ల కూలీ పోయింది. సబ్బుల పెట్టెలతో మా బండ్లు వాళ్ల గుమ్మాల ముందు నుంచే శిబిరానికి వెళ్లేవి. ఒకావిడ గడపలో నిలబడి "మాకు జబ్బు రాదా?" అంది. ఏం జవాబు చెప్పను? 2020 జూన్‌లో జిల్లా ఆసుపత్రిలో ఐసీయూ తెరిచినప్పుడు ఊరివాళ్లకూ శరణార్థులకూ తలుపు ఒకటే అన్నారు. ఊళ్లో కోపం కాస్త తగ్గింది. నీ ప్లాన్‌లో వాళ్ల సబ్బూ, వాళ్ల మంచమూ మొదటి పేజీలోనే ఉండాలి.

చిన్నప్పుడు బడి మాన్పిస్తామని జ్వరం దాచుకునేదానివి, గుర్తుందా? నుదురు కాలిపోతుంటే దుప్పటి కింద నవ్వేదానివి. అక్కడ ఆ వేషాలు వెయ్యకు. ఒళ్లు వెచ్చబడితే అదే రోజు చెప్పు. అర్ధరాత్రయినా ఫోన్ ఎత్తుతాను.

మీ పెద్దమ్మ