దిర్హాం కదలదు, రూపాయి ఎందుకు కదులుతుంది?

ప్రశ్న: మా అబ్బాయి దుబాయిలో ఉద్యోగం చేస్తున్నాడు. డాలరుకు ఇన్ని దిర్హాంలన్న లెక్క అక్కడ ఏళ్ల తరబడి మారలేదట. మన రిజర్వు బ్యాంకు కూడా రూపాయికి అలాగే ఒక రేటు ఖాయం చేయవచ్చు గదా? మాకు రొయ్యల గుంటలున్నాయి. రూపాయి తగ్గితే రైతుకు లాభమంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, అల్లూరు, నెల్లూరు జిల్లా

జవాబు: దిర్హాం 1997 నుంచి డాలరుకు 3.6725 వద్దే ఉన్న మాట నిజం. అయితే రేటు ప్రకటించినంత మాత్రాన అది నిలవదు; ఆ ధరకు దిర్హాంలు తెచ్చిన బ్యాంకులకు డాలర్లు, డాలర్లు తెచ్చిన బ్యాంకులకు దిర్హాంలు అక్కడి కేంద్ర బ్యాంకు కాదనకుండా ఇస్తూ ఉండాలి. చమురు డాలర్లలో అమ్ముడవుతుంది గనుక వారికి ఆ శక్తి ఉంది. మూల్యం మాత్రం వేరొకచోట చెల్లిస్తున్నారు: అమెరికా ఫెడరల్ రిజర్వు వడ్డీ పెంచితే, స్థానిక వ్యాపారానికి నప్పినా నప్పకపోయినా, వారూ పెంచక తప్పదు. (మన జిల్లాల వారు ఎక్కువగా వెళ్లే కువైట్ సంగతి వేరు, 2007 నుంచి దినారు ఒక్క డాలరుతో కాక కొన్ని కరెన్సీల సముదాయంతో ముడిపడి ఉంది.)

మనం చమురు కొనే దేశం. మార్కెట్ నమ్మని రేటును పట్టుకుని కూర్చుంటే నిల్వలు కరిగిపోతాయి. థాయిలాండ్ అలా డాలర్లు ధారపోసి, చివరకు 1997 జూలై 2న తన కరెన్సీ బాత్ రేటును మార్కెట్‌కు వదిలేసింది. ఖాయం రేటు మనకూ తెలియనిది కాదు. డాలరుకు 4.76గా ఉన్న రూపాయిని 1966 జూన్‌లో ఒక్కసారిగా 7.50కి తగ్గించవలసి వచ్చింది, 1991 జూలైలో మళ్లీ రెండు విడతలుగా తగ్గించారు. 1993 మార్చి నుంచి రేటును మార్కెట్‌కే వదిలారు. అంటే రిజర్వు బ్యాంకు చేతులు ముడుచుకుని కూర్చుందని కాదు. ఒడుదొడుకులు మితిమీరినప్పుడు ప్రభుత్వ రంగ బ్యాంకుల ద్వారా డాలర్లు అమ్ముతుంది. అమ్మిన మేరకు రూపాయలు తన వద్దకు చేరి బ్యాంకుల్లో నగదు బిగుసుకుంటుంది గనుక, అవసరమైతే ప్రభుత్వ బాండ్లు కొని ఆ నగదును తిరిగి వదులుతుంది. 2013 ఆగస్టులో రూపాయి 68 దాటినప్పుడు చమురు కంపెనీలకు నేరుగా డాలర్లు ఇచ్చింది. ఆ తరువాత బ్యాంకులకు రాయితీ కల్పించి, ప్రవాస భారతీయుల డిపాజిట్లుగా దాదాపు 2,600 కోట్ల డాలర్లు రప్పించింది. నా దృష్టిలో మన వంటి దేశానికి ఈ పద్ధతే మేలు.

ఇక మీ గుంటల విషయం. రూపాయి తగ్గినప్పుడు ఎగుమతిదారుకు డాలరుకు ఎక్కువ రూపాయలు రావడం వాస్తవమే, పైగా మనకు గట్టి పోటీ అయిన ఈక్వడార్ 2000 నుంచి అమెరికా డాలరునే వాడుతున్నందున, తన కరెన్సీ తగ్గి సరుకు చవక అయ్యే వెసులుబాటు ఆ దేశానికి లేదు. కానీ అమెరికా కొనుగోలుదారు ఈ లెక్కలన్నీ చూసుకునే డాలరు ధర తగ్గించమని బేరమాడతాడు. హేచరీలు విదేశాల నుంచి తెచ్చే వనామీ తల్లి రొయ్యలకు, మీ జనరేటర్‌లో పోసే డీజిల్‌కు మూలమైన ముడి చమురుకు డాలర్లలోనే చెల్లించాలి. అందువల్ల పట్టుబడి నాడు రూపాయి రేటు ఒక్కటే చూడకుండా, మీ కౌంట్‌కు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకు) ఆ వారం ఎగుమతి ధర డాలర్లలో పెరిగిందో తగ్గిందో కూడా వాకబు చేయండి. డాలరు ధర తగ్గకుండా రూపాయి పడిపోయినా గుంట గట్టు మీద మీకిచ్చే రేటు పెరగలేదంటే, అప్పుడు బేరమాడవలసింది మీరే.