సుగ్గికి పోయొచ్చిన ఆమె ఓటు ఏమైంది?

అనంతపురం

చిరంజీవికి ఆశీస్సులు.

కర్నూలు జిల్లా కోసిగి దగ్గరి పల్లెలో ఎన్నికల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. నీ చేయి బాగానే ఉంది, ఆ మాట ఇంతటితో సరి. నాకు కోపం తెప్పించింది నాలుగో పేజీ. గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయిన ఒకామె పోలింగుకు రెండు రోజుల ముందు ఊరికొచ్చింది. 2024 మే 13న ఎండెక్కకముందే వెళ్లి లైన్లో నిలబడింది. లోపలికి పోతే, నీ పేరు షిఫ్టెడ్ అని ఉందమ్మా అన్నారు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. ఓటరు కార్డు మళ్లీ కొంగున ముడేసుకుని ఇంటిదారి పట్టింది. గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూసిన నువ్వు, "ఇలా పలువురి ఓట్లు గల్లంతయ్యాయి" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. తర్వాత పేజీలన్నీ ఏ కులం ఎటు మొగ్గింది, ఏ నాయకుడు ఎవరిమీద అలిగాడు అనే లెక్కలే.

ఆమె ఓటు ఎక్కడికీ పోలేదు నాయనా. ఓటరు స్లిప్పులు పంచడానికి బీఎల్ఓ, అంటే బూత్ స్థాయి అధికారి, వచ్చిన రోజు ఆ ఇంటికి తాళం వేసి ఉంటుంది. ఊళ్లో లేనివాళ్లు, ఇల్లు మారినవాళ్లు, చనిపోయినవాళ్లు అంటూ ఒక జాబితా తయారుచేసి పీఓ, అంటే బూత్‌ను నడిపే ప్రిసైడింగ్ అధికారి, చేతిలో పెడతారు. దాన్నే ఏఎస్డీ లిస్టు అంటారు. అందులో పేరున్నంత మాత్రాన ఓటు హక్కు పోదు. మనిషి స్వయంగా వస్తే గుర్తింపు కార్డు చూసి, సంతకంతో పాటు వేలిముద్ర తీసుకుని ఓటు వేయనివ్వాలి. ఈ సంగతి ఆమెకు తెలియదు. అక్కడున్న ఏజెంట్లలో ఒక్కడూ చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు, ఎందుకంటే నీకూ తెలియదు. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం పక్క ఊళ్లకు ఊళ్లే సుగ్గికి పోతాయి. అలాంటి చోట ఎన్నికల మీద రాసే విలేకరికి ముందు తెలియాల్సింది ఇదే.

అసలు ఓటర్ల జాబితాలోనే పేరు లేకపోతే అది వేరే సమస్య. నామినేషన్ల గడువు ముగిశాక జాబితాలో కొత్త పేరు చేరదు, ఉన్న పేరు పోదు. పోలింగు రోజు ఎంత మొత్తుకున్నా ప్రయోజనం ఉండదు. అందుకే ఆ వార్త నెలల ముందే రావాలి. ఫారం 7 పెట్టి ఎవరైనా నీ పేరు తీయించాలని చూస్తే నీకు నోటీసు ఇవ్వాలి, అధికారి నిర్ణయం నచ్చకపోతే కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు అని జనానికి అప్పుడే చెప్పాలి. నీ ఓటు ఎవరో ముందే వేసేసి ఉంటే అది మూడో రకం. నీ గుర్తింపు రుజువైతే టెండర్ ఓటు అని కాగితం బ్యాలెట్ ఇస్తారు. దాన్ని మామూలు లెక్కింపులో కలపరు, కవర్లో పెట్టి సీలు వేస్తారు. తర్వాత కోర్టులో కేసు పడితే అది సాక్ష్యంగా పనికొస్తుంది. ఈ మూడింటినీ ఒక్క వాక్యంలో కలిపేస్తే ఏ ఓటరుకూ దారి దొరకదు.

నేను పేపరుకు లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన డబ్బులకు, పనిచేసే రోజుల్లో ధర్మవరం వైపు ఒక పెద్దాయన టెండర్ ఓటు వేశాడు. ఇవ్వమని పట్టుబట్టి మరీ వేశాడు. బూత్‌లోని అధికారి బ్యాగులోంచి పుస్తకం తీసి, నిబంధన వెతికి చదువుకుని, ఆయన చేతిలో కాగితం పెట్టడం నేను కళ్లారా చూశాను. వార్త రాసి కవర్లో పెట్టి రాత్రి బస్సు డ్రైవరుకు ఇచ్చి పంపాను. పొద్దున పేపర్లో ఆ వార్త లేదు. దాని చోట శింగనమలలో ఎవరు గెలిస్తే రాష్ట్రంలో వాళ్లదే అధికారమని బాక్సు ఐటెం ఉంది. ప్రతి ఎన్నికకూ తేదీలు మార్చి అదే ఐటెం వేస్తారు. అది చదివి ఏ ఓటరు ఏం నేర్చుకున్నాడు? ఎందుకు తీసేశారని డెస్కును అడిగితే, నిబంధనలు ఎవడు చదువుతాడయ్యా అన్నారు. ఎన్నికల నెలలో మమ్మల్ని అభ్యర్థుల ఇళ్లకు యాడ్ల కోసం తిప్పింది కూడా ఆ ఆఫీసే. ఎవడు చదువుతాడన్న ఆ మాట నేను ఇంకా మర్చిపోలేదు. జనం చదువుతారు. తమకు పనికొస్తుందంటే పేపరు కత్తిరించి దాచుకుంటారు కూడా.

ఇప్పుడు డెస్కు పోయి సర్వేలు వచ్చాయి. ఎవరు గెలుస్తారో ముందే చెప్పినవాడే విశ్లేషకుడని నువ్వూ నమ్ముతున్నట్టున్నావు. లెక్కింపు రోజు సాయంత్రానికి అందరికీ తెలిసిపోయే విషయం కోసం నీ వయసు ఖర్చుపెట్టుకోవద్దు. తెలిశాక కూడా అర్థంకానివి ఉంటాయి, వాటిని పట్టుకో. 2019లో తెలుగుదేశానికి 39 శాతం పైచిలుకు ఓట్లు, 23 సీట్లు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కూ 39 శాతం పైచిలుకే, సీట్లు మాత్రం 11. ఇన్ని ఓట్లొస్తే సీట్లేవి, మిషన్లలో మోసం జరిగిందని టీ అంగడి దగ్గర ఒకాయన అరుస్తుంటే పక్కన ఉన్నవాళ్ల దగ్గర జవాబు లేదు. ప్రతి స్థానంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడిదే గెలుపు. ఓడినవాడి ఓట్లు సీట్లుగా మారవు. 2019లో విడివిడిగా నిలబడిన తెలుగుదేశం, జనసేన, బీజేపీ 2024లో ఒక్కటై పోటీచేశాయి. 39 శాతం ఓట్లు రాష్ట్రమంతా పరుచుకుని ఉండి, ఎదుటి ఓట్లన్నీ ఒకచోట చేరితే సీట్లు అలాగే పడిపోతాయి. ఇది చెప్పడానికి అరగంట పట్టింది, కానీ ఆయన చివరిదాకా విన్నాడు.

టీవీలోకి పోవాలా, పుస్తకం వేయాలా అని అడిగావు. అవి ఇంకోసారి.

ఇంకొక్క మాట, ఇది గట్టిగా చెబుతున్నా. వ్యాసం చివర బూత్‌లవారీ పట్టిక పెట్టావు. ఆ లెక్కలు ఫారం 20లో, అంటే బూత్‌లవారీ ఫలితాల పత్రంలో, అందరికీ దొరికేవే, నిజమే. కానీ ఆ పల్లెకు ఒకటే బూత్. నువ్వు పై పేజీల్లో ఏ కులానిది ఏ వీధో రాశావు, ఎన్ని ఇళ్లో రాశావు. రెండూ పక్కపక్కన పెడితే ఎవరు ఎవరికి వేశారో ఊరి పెద్దకు సులభంగా తెలిసిపోతుంది. మన సీమలో ఆ తెలివిడికి ఏం జరుగుతుందో నీకు వేరే చెప్పాలా? పంపు నీళ్లు ఆగుతాయి, పని కార్డు ఆగుతుంది, ఇంకా దారుణాలు కూడా చూశాం. బూత్ ఓట్లు బయటపడకుండా కొన్ని మిషన్లను కలిపి లెక్కపెట్టే టోటలైజర్‌ను ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. అది ఇంతవరకు అమల్లోకి రాలేదు. అది వచ్చేదాకా ఆ జాగ్రత్త నీ మీద, నా మీద ఉంది.

ఆ పట్టిక తీసెయ్. కులం పేజీలు కూడా తీసెయ్. కోసిగి పోయి ఆమెను మళ్లీ కలువు. ఏ బూత్, జాబితాలో వరుస సంఖ్య ఎంత, ఆ రోజు పీఓ దాకా పోయిందా, లేక గుమాస్తా మాటకే వెనక్కొచ్చిందా, ఇప్పుడు జాబితాలో పేరుందా లేదా, అన్నీ అడుగు. పేరు లేకపోతే, పేరు చేర్చమని అడిగే ఫారం 6 నువ్వే దగ్గరుండి రాయించు. వాళ్లు మళ్లీ సుగ్గికి బయలుదేరేలోపు పోవాలి. ఆ తర్వాత రాసి నాకు పంపు.

ఆశీస్సులతో.