విజయవాడలో కొన్న బుల్లి గోబీ పేరు తేలాలంటే పొట్ట కింద చూడండి

విజయవాడలో కొని గుంటూరులో మీ అక్వేరియంలో పెట్టుకున్న గోబీ అనే చిన్న చేప ఏ జాతిదో తేలడం లేదని అడిగారు కదా. మీరు దాన్ని ఫొటోలతో రంగును బట్టి పోలుస్తున్నారు. అందుకే ఆ రెండు సెంటీమీటర్ల చేపకు ఫొటో మార్చినప్పుడల్లా కొత్త పేరు వస్తోంది. పారదర్శకమైన ఒళ్లు, ఎర్ర చుక్కలు పగడపు దిబ్బల గోబీల్లో చాలా జాతులకు ఉంటాయి.

1. వీపు రెక్కలు లెక్కపెట్టండి. రెండు విడివిడిగా ఉంటే గోబీ కావచ్చు. గోబీలా కనిపించే వేరే చిన్న చేపలూ ఉన్నాయి: పొడవుగా ఒకటే ఉంటే బ్లెన్నీని, మూడుంటే ట్రిపుల్‌ఫిన్‌ను అనుమానించండి.

2. అందరూ వదిలేసేది ఇదే: పొట్ట కింది రెక్కలు. చేప అక్వేరియం అద్దానికి అతుక్కున్నప్పుడు బయటినుంచి, కింది వైపునుంచి ఫొటో తీయండి. చాలా గోబీల్లో ఆ రెండూ కలిసి చిన్న గిన్నెలా కనిపిస్తాయి. ఎవియోటా అనే గోబీల ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) మాత్రం దాదాపు విడిగా ఉండి, కొసలు కుచ్చులా చీలి ఉంటాయి. విడిగా ఉన్నాయి కదా అని గోబీ కాదనుకోకండి, దయచేసి. ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే.

3. చేపను ఏ సముద్రం నుంచి తెచ్చారో దుకాణంలో అడగండి.

కుచ్చు కనిపిస్తే "ఎవియోటా కావచ్చు" అని రాసుకుని ఆగండి. జాతి తేలాలంటే తలమీది సూక్ష్మ రంధ్రాలను మైక్రోస్కోపులో చూడాలి. బతికున్న చేపకు ఆ బాధ వద్దు.

ఫొటో కోసం చిన్న డబ్బాలోకి మార్చకండి. గుంటూరు ఎండకు అంత కొద్ది నీరు ఇట్టే వేడెక్కుతుంది.