ఎలక్ట్రానిక్స్ సందేహాలు: పద్నాలుగుసార్లు సగం చేసినా సెకను రాలేదా?

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. గడియారం ప్రాజెక్టు కోసం కోఠి గుజరాతీ గల్లీలో సీడీ4060 ఐసీ, 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ కొన్నాను. చివరి అవుట్‌పుట్‌కు పెట్టిన ఎల్‌ఈడీ సెకనుకు ఒకసారి కాకుండా రెండుసార్లు వెలుగుతోంది. ఐసీ పాడైందేమో అంటున్నారు మేడమ్, నిజమేనా?
– ఒక విద్యార్థి, తెనాలి

జవాబు: ఆ ఐసీని దయచేసి పారేయకండి, అది సరిగ్గానే పనిచేస్తోంది. 32,768 అంటే పదిహేను రెళ్లను ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చే సంఖ్య. ఒక్కో ఫ్లిప్‌ఫ్లాప్ తనకు రెండు పల్సులు అందితే ఒకటి బయటికి పంపుతుంది. సెకనుకు ఒక పల్సు కావాలంటే అలాంటివి పదిహేను ఉండాలి. 4060లో ఉన్నవి పద్నాలుగే. అందుకే మీకు 2 హెర్ట్జ్ మిగిలింది.

ఆ పదిహేనోదాన్ని మీరే చేర్చండి. రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లున్న సీడీ4013 ఐసీ తీసుకుని 4060 మూడో పిన్నును దాని మూడో పిన్నుకు కలపండి. 4013లో రెండో పిన్నును అయిదో పిన్నుకు, నాలుగు, ఆరు పిన్నులను గ్రౌండుకు కలిపితే ఒకటో పిన్ను మీద సెకను వస్తుంది. వాడని రెండో సగంలోని ఇన్‌పుట్‌లు 8, 9, 10, 11 కూడా గ్రౌండుకే వెళ్లాలి. సీమాస్ (ఈ ఐసీలు ఆ రకం ట్రాన్సిస్టర్లతో చేసినవే) ఇన్‌పుట్‌ను గాలిలో వదిలేయడం నేను లేబొరేటరీలో ఎవరికీ ఒప్పుకోను.

ఇంకొక మాట. ఆసిలోస్కోపు ప్రోబును క్రిస్టల్ పిన్నుల మీద పెట్టకండి. ప్రోబుకుండే పది, పదిహేను పికోఫారడ్లు చాలు, పౌనఃపున్యం జరిగిపోతుంది, ఒక్కోసారి ఆసిలేటర్ ఆగిపోతుంది. ఏడో పిన్ను మీద కొలవండి. నాలుగుసార్లు సగమైన 2,048 హెర్ట్జ్ అక్కడ కనిపిస్తుంది. పిల్లలకు నేను మొదట చూపించేది ఆ పిన్నునే.

ప్రశ్న: వైఫై, బ్లూటూత్ చిప్పుల్లో క్లాక్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది కదా. అక్కడా ఇదే ఫ్లిప్‌ఫ్లాప్ గొలుసు సరిపోదా?
– ఒక బీటెక్ విద్యార్థిని, వరంగల్

జవాబు: గొలుసు అదే, కష్టమంతా మొదటి మెట్టులో, అంటే మొదటి ఫ్లిప్‌ఫ్లాప్‌లో ఉంది. మన పాఠ్యపుస్తకాలు మెట్లన్నిటినీ ఒకే రకం పెట్టెలుగా గీసి ఈ సంగతిని దాచేస్తాయని నా బాధ. సీమాస్ సర్క్యూట్ తినే కరెంటు అది ఎన్నిసార్లు స్థితి మారుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండో మెట్టుకు మొదటిదానిలో సగం, మూడోదానికి నాలుగో వంతు చాలు. మెట్లన్నీ ఒకే తీరువైతే, ఎన్ని పేర్చినా మొత్తం కరెంటులో దాదాపు సగం మొదటి మెట్టే తీసుకుంటుంది.

వేగం చిక్కూ అక్కడే. 2.4 గిగాహెర్ట్జ్ క్లాకులో ఒక ఆవర్తనం సుమారు 417 పికోసెకన్లు. ఆలోపే ఫ్లిప్‌ఫ్లాప్ తన విలువను మార్చి, తిరగేసిన విలువను మళ్లీ తన ఇన్‌పుట్‌కు చేర్చి, తర్వాతి అంచుకు ముందే అది స్థిరపడేలా చూడాలి. మీ ప్రయోగశాలలోని 4000 శ్రేణి ఐసీలు కొన్ని మెగాహెర్ట్జ్ దగ్గరే అలసిపోతాయి. చిప్పుల్లో దీనికి తరచుగా కరెంట్ మోడ్ లాజిక్ వాడతారు. అందులో ట్రాన్సిస్టర్ల జంట ఒక స్థిరమైన కరెంటును ఒకసారి ఇటు, ఒకసారి అటు మళ్లిస్తుంది. వోల్టేజీ సరఫరా అంతా పైకీ కిందికీ ఊగనక్కరలేదు, కొన్ని వందల మిల్లీవోల్టులు చాలు. అందుకే ఆ వేగం వస్తుంది. కరెంటు మాత్రం పని ఉన్నా లేకున్నా ప్రవహిస్తూనే ఉంటుంది. ఒకటి రెండు మెట్లు దిగాక మామూలు సీమాస్‌కు మారిపోతారు.

ఈ మొదటి మెట్టు ఇచ్చే మరో లాభాన్ని గమనించండి. ఫ్లిప్‌ఫ్లాప్‌లోని రెండు లాచ్‌ల (విలువను పట్టి ఉంచే భాగాల) అవుట్‌పుట్‌లు పావు ఆవర్తనం తేడాతో వస్తాయి. రేడియో రిసీవర్లకు సరిగ్గా అలాంటి జంటే కావాలి. కాబట్టి ఆసిలేటర్‌ను 4.8 గిగాహెర్ట్జ్ దగ్గర నడిపి రెండుతో భాగించడం రేడియో చిప్పుల్లో మామూలే.

ఇంకా పైకి వెళ్తే ఫ్లిప్‌ఫ్లాప్‌ను వదిలేస్తారు. 1939లో ఆర్. ఎల్. మిల్లర్ చూపిన పద్ధతిలో, రెండు పౌనఃపున్యాల తేడాను ఇచ్చే మిక్సర్ అవుట్‌పుట్‌ను వడగట్టి, పెంచి మళ్లీ మిక్సర్‌కే ఇస్తారు. వచ్చే సిగ్నల్ పౌనఃపున్యంలోంచి తన అవుట్‌పుట్ పౌనఃపున్యాన్ని తీసివేస్తే మళ్లీ తన అవుట్‌పుట్టే రావాలి. సగం పౌనఃపున్యం దగ్గరే ఆ లెక్క కుదురుతుంది. ట్రాన్సిస్టర్ పుట్టకముందే వచ్చిన ఈ ఆలోచన ఇప్పటికీ అతివేగ చిప్పుల్లో పనికొస్తోంది!

2, 4, 8 లాంటి రెండు యొక్క ఘాతాలు కాని సంఖ్యలకు 10తోగానీ 11తోగానీ భాగించే ప్రీస్కేలర్ (గొలుసు మొదట్లో ఉండే వేగమైన భాగహార సర్క్యూట్) ఉంది. 243 కావాలంటే 11తో మూడుసార్లు, 10తో ఇరవై ఒక్కసార్లు భాగిస్తుంది. ఎప్పుడు మారాలో నిదానంగా నడిచే కౌంటర్ చెబుతుంది. వేగంగా నడవాల్సిన భాగం చిన్నదిగా ఉండిపోతుంది.

ప్రశ్న: మా క్వార్ట్జ్ గోడగడియారం ఎండాకాలంలో వెనకబడుతోంది. లోపలి డివైడర్ (పల్సులను భాగించే సర్క్యూట్) లోపమా?
– ఒక పాఠకురాలు, రెంటచింతల

జవాబు: కాదమ్మా, క్రిస్టల్ స్వభావం. గడియారాల క్రిస్టల్ సుమారు 25 డిగ్రీల దగ్గర అత్యంత వేగంగా కంపిస్తుంది. వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది. మీ గదిలో 40 డిగ్రీలుంటే పది లక్షలకు ఏడెనిమిది కంపనాలు తగ్గుతాయి, అంటే నెలకు సుమారు ఇరవై సెకన్లు. భాగహారం ఆ తప్పును తగ్గించదు, అదే నిష్పత్తిలో సెకను దాకా మోసుకొస్తుంది. చాలా చేతి గడియారాల ఐసీల్లో క్రిస్టల్‌ను కావాలనే కాస్త వేగంగా ఉంచి, డివైడర్ అప్పుడప్పుడు కొన్ని పల్సులను లెక్కించకుండా వదిలేసేలా ఫ్యాక్టరీలోనే సరిచేస్తారు. ఆ సవరణ కూడా స్థిరమైనదే, వేసవికి మారదు. నెలకోసారి రేడియో వార్తల వేళకు సరిచేసుకోండి. వెనకబాటు నెలకు నిమిషం దాటితే ముందు బ్యాటరీ మార్చి చూడండి.