నునుపుగా ఉన్నంత మాత్రాన అది మంచి ఎక్స్‌రే కాదు

ఛాతీ ఎక్స్‌రే బాగా వచ్చిందో లేదో టెక్స్చర్ అనాలిసిస్‌తో (చిత్రంలోని నునుపు, గరుకులను అంకెల్లో కొలిచే పద్ధతితో) కంప్యూటరే తేల్చగలదా అని అడిగారు. తేల్చగలదు, కానీ ఆ కొలత ఊపిరితిత్తి మీద తీసుకోకూడదు. చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్‌లో 14 ఏళ్లుగా ఎక్స్‌రే గదిలో పనిచేస్తున్నాను కనుక ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

మా దగ్గర బొగ్గుగనుల్లో చేసి రిటైరైన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒక పెద్దాయన మూడేళ్ల కిందట ఆయాసపడుతూ, పాత ఫిల్ములున్న ప్లాస్టిక్ సంచితో వచ్చారు. అంతకుముందు వేరేచోట తీసిన ఎక్స్‌రేను అక్కడి సాఫ్ట్‌వేర్ గ్రెయిన్ (చుక్కచుక్కల గరుకుదనం) ఎక్కువని రెండుసార్లు తిప్పికొట్టిందట. మూడోసారి నునుపు చేసే ఫిల్టర్ పెంచి, పాసైన చిత్రాన్ని చేతికిచ్చి పంపించారట. "బిడ్డా, మూడుసార్లు తీసిండ్రు, ఏం లేదన్నరు. మరి నాలుగు మెట్లెక్కంగనే దమ్మెందుకొస్తాంది?" అని అడిగారు.

ఆ ఫిల్మును వ్యూ బాక్సు మీద పెడితే పక్కటెముకల అంచులు మైనం పూసినట్టు ఉన్నాయి, ఊపిరితిత్తుల పైభాగం తేటగా కనిపించింది. ఫిల్టర్ తగ్గించి, ఆరడుగుల దూరం నుంచి నేను మళ్లీ తీస్తే అదే పైభాగంలో రెండువైపులా బొంబాయి రవ్వ చల్లినట్టు సన్నని మచ్చలు తేలాయి. డాక్టరుగారు గనిదుమ్ము జబ్బును అనుమానించి సీటీకి రాశారు. మొదటి చిత్రంలో ఆ మచ్చలను చెరిపింది ఫిల్టరేనని, ఆ ఫిల్టరును పెట్టించింది ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చే నాణ్యత స్కోరేనని నా నమ్మకం.

దుమ్ము జబ్బుకు వాడే ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) వర్గీకరణలో 'పి' రకం మచ్చలు 1.5 మిల్లీమీటర్ల లోపే ఉంటాయి. కిరణాలు చాలనప్పుడు పడే నాయిస్ కూడా సన్నని చుక్కలే. టెక్స్చర్ కొలవడానికి 1973లో హరాలిక్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ప్రతిపాదించిన పద్ధతి, నిర్ణీత దూరంలో ఉన్న రెండు పిక్సెళ్ల నలుపు తెలుపు స్థాయిలు ఏయే జంటలుగా ఎన్నిసార్లు వస్తున్నాయో లెక్కగడుతుంది. చుక్క జబ్బు వల్ల వచ్చినా, నాయిస్ వల్ల వచ్చినా ఎంట్రోపీ (ఆ జంటలు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చెప్పే అంకె) పెరగవచ్చు, ఆ ఒక్క అంకె చూసి ఏది ఏదో చెప్పలేం.

అందుకని యంత్రాన్ని పరీక్షించాలంటే ప్రతి ఉదయం ఒకే మందం పెర్‌స్పెక్స్ (గాజులాంటి ప్లాస్టిక్) పలకను ఒకే సెట్టింగులతో తీసి, ప్రాసెసింగ్‌కు ముందున్న చిత్రంలో నడిమి గడినే కొలిచి రిజిస్టరులో రాసుకోవాలి. రోగి చిత్రమైతే డయాఫ్రం కింద, కుడివైపు కాలేయం నీడ పడేచోట కొలవాలి, ఊపిరితిత్తి మచ్చలు లెక్కలో కలవకుండా. అక్కడ గ్రెయిన్ ఎక్కువుంటే తప్పు ఎక్స్‌పోజరుది. అలాగని మోతాదు ఊరికే పెంచకూడదు, ఎందుకంటే చిత్రంలో నాయిస్ పాలు సగానికి తగ్గాలంటే కిరణాలు నాలుగింతలు కావాలి, ఆ భారం మోసేది రోగి శరీరమే.

వ్యూ బాక్సు మీది ఫిల్మును ఫోనుతో ఫొటో తీసి, వాట్సాప్‌లో పంపి, దానిమీద టెక్స్చర్ కొలిచేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. జేపీఈజీ కుదింపు చిత్రాన్ని ఎనిమిదేసి పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి సన్నని వివరాన్నే ముందు తీసేస్తుంది. మొన్న ఒకరు అలాంటి ఫొటో పంపి నాణ్యత చెప్పమంటే, అసలు డైకామ్ ఫైలు (ఎక్స్‌రే యంత్రం ఇచ్చే మూల డిజిటల్ చిత్రం) సీడీలో తెచ్చేదాకా చెప్పనన్నాను.