తూటా తొడుగు సగానికి మించి నిండే మందునే కొనండి

గ్రీన్ కార్డు వచ్చిందనీ, 9 ఎం.ఎం. పిస్టల్ కొన్నాననీ, షూటింగ్ రేంజికి వెళ్లిన ప్రతిసారీ తూటాల ఖర్చు చూసి ప్రాణం ఉసూరుమంటోందనీ రాశారు. ఇంట్లోనే తూటాలు తయారు చేసుకోవాలనుకుంటున్నారు. పౌను డబ్బాకు అన్నిటికంటే ఎక్కువ తూటాలు వచ్చే తుపాకీ మందు పేరు చెప్పమన్నారు. నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు పెట్టిన ఖాతా పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. దాని మొదటి పేజీలో నేను రాసుకున్న ప్రశ్న అక్షరాలా ఇదే. ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న జవాబు తప్పని తెలియడానికి నాకు ఏడు నెలలు పట్టింది. మీకు ఆ ఏడు నెలలూ మిగలాలని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ఇంకా వీసా మీదే ఉన్నవారికి ఒక్క మాట. హెచ్-1బి, ఎఫ్-1 వంటి వీసాలతో అమెరికాలో ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది, మినహాయింపులు కొన్నే. తూటా అంటే పూర్తిగా తయారైనదే అనుకోకండి. ఖాళీ ఇత్తడి తొడుగు, దాని అడుగున ఉండి మందును రాజేసే ప్రైమర్, ముందుకు దూసుకెళ్లే బుల్లెట్, తుపాకీ మందు అన్నీ ఆ నిర్వచనంలోకే వస్తాయి. స్నేహితుడి మందు డబ్బాను మీ అలమరలో దాచిపెట్టినా చిక్కే. గ్రీన్ కార్డు ఉన్నవారు తమ రాష్ట్రపు నిబంధనలూ అద్దె ఒప్పందమూ ఒకసారి చదువుకోండి. చదివితే తెలిసేవే కనుక ఇక్కడ సాగదీయను.

నేను వచ్చిన కొత్తలో ప్రతి డాలరునూ రూపాయల్లోకి మార్చి చూసుకునేవాడిని. గ్రీన్ కార్డు చేతికొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. మొదట కొన్నది .38 స్పెషల్ అనే తూటాను కాల్చే రివాల్వర్. వాడిన ఇత్తడి తొడుగులను పారేయకుండా ఏరుకొచ్చి, తూటాలు బిగించే ఒక పాత ప్రెస్ కొని, మందు కోసం లెక్క మొదలుపెట్టాను. మందును గ్రెయిన్లనే చిన్న తూకంతో తూస్తారు, పౌనుకు 7,000 గ్రెయిన్లు. తూటాకు నాలుగు గ్రెయిన్లు పోస్తే 1,750 తూటాలు, ఐదు పోస్తే 1,400. ఇది కేవలం భాగాహారం, మోతాదుగా తీసుకోవద్దు. తక్కువ పోస్తే సరిపోయేవి వేగంగా మండే మందులు. వాటిలోనూ గింజ చిక్కగా ఉండి తొడుగులో అతి తక్కువ చోటు తీసుకునేదాన్ని ఏరి కొన్నాను. గొప్ప బేరం చేశాననుకున్నాను.

.38 స్పెషల్ చరిత్ర తెలిసి ఉంటే ఆ పని చేసేవాడిని కాదు. అది 1898 నాటి తూటా, పొగ మందు కోసం పుట్టింది. (నల్లమందు అంటే మన భాషలో అభిని కనుక ఇంగ్లీషులో బ్లాక్ పౌడర్ అనే ఆ పాత తుపాకీ మందును పొగ మందు అంటున్నాను.) పొగ మందు ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే ఆ తొడుగు అంత పొడుగు. ఫ్రాన్సులో పాల్ వియెయ్ 1884లోనే తయారు చేసిన పొగరాని మందు ఈ తూటాలోకీ వచ్చాక, అదే పనికి ఎంతో తక్కువ మందు చాలింది. తొడుగు పొడవు మాత్రం అలాగే ఉండిపోయింది. అంటే లోపల చాలా భాగం ఖాళీ. చిక్కటి మందు పోస్తే అడుగున పలచగా పరుచుకుంటుంది. రెండుసార్లు పోసినా పైనుంచి చూసే కంటికి పెద్ద తేడా తెలియదు.

ఒక ఆదివారం సాయంత్రం 50 తొడుగులు చెక్క పలకలో నిలబెట్టి మందు పోస్తున్నాను. మధ్యలో ఇంటి నుంచి ఫోను. మాట్లాడి వచ్చి, ఆపిన చోటు ఇదేననుకుని కొనసాగించాను. అన్నిటికీ బుల్లెట్లు బిగించాను. అయితే నాకు ఒక అలవాటు ఉంది: కూర్చునే ముందు ఆ పూటకు కావలసిన మందును తూచి తీసుకుంటాను, లేచే ముందు మిగిలినది మళ్లీ తూస్తాను. డబ్బు లెక్క కోసం పెట్టుకున్న అలవాటు. ఆ రోజు 50 తూటాలకు అయి ఉండాల్సిన దానికంటే సరిగ్గా ఏడు మోతాదులంత మందు ఎక్కువ ఖర్చయినట్టు వచ్చింది. రెండుసార్లు కూడాను, మూడోసారి తూచాను. ఒంట్లో వణుకు పుట్టింది. ఆ 50 తూటాల్లో ఏడింటిలో రెండింతలు మందు ఉంది. ఏ ఏడు?

తయారైన తూటాలను ఒక్కొక్కటిగా తూచి పట్టుకోవచ్చనుకున్నాను. కుదరలేదు. ఇత్తడి తొడుగుల బరువుల్లో, బుల్లెట్ల బరువుల్లో ఉండే తేడాలే ఒక మోతాదు మందు కంటే ఎక్కువగా ఉండవచ్చు. చివరికి యాభైనీ విప్పాను, అర్ధరాత్రి దాటింది, ఏడూ దొరికాయి. .38 స్పెషల్ పీడనానికి పరిమితి చదరపు అంగుళానికి 17,000 పౌన్లు. మందు రెండింతలైతే పీడనం రెండింతల దగ్గర ఆగదు, అంతకు మించి ఎగబాకుతుంది. వేగంగా మండే మందుతో మరీను. ఆ రివాల్వర్ నా చేతిలోనే పగిలి ఉండేది. వైద్యం ఖర్చు ఈ దేశంలో ఎలా ఉంటుందో మీకూ తెలుసు.

ఆ రాత్రి నేర్చుకున్న నియమం ఇది. ఒక మోతాదు పోస్తే తొడుగు సగానికి మించి నిండాలి. పొరపాటున రెండోది పోస్తే పొంగి బల్ల మీద పడాలి. మీ తప్పును మందే పట్టి చూపించాలి. మందు ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది ఇదే, మిగతావన్నీ తర్వాత.

ఇప్పుడు మీ డబ్బు దిగులు. అది నాకు మీకంటే ఎక్కువ తెలుసు. తూటా ఖర్చును విడగొట్టి చూడండి. ఇత్తడి తొడుగును చాలాసార్లు వాడతారు. బుల్లెట్, ప్రైమర్ ప్రతిసారీ కొత్తవి. పిస్టల్ తూటాలో మామూలుగా అన్నిటికంటే తక్కువ ఖర్చయ్యేది మందే. పౌనుకు 1,750 బదులు 1,400 వచ్చినా, పెరిగేది ఆ అతి చిన్న భాగంలో పావు వంతు. మిగుల్చుకోవాలంటే బుల్లెట్ల దగ్గర మిగుల్చుకోండి: మీరు కాల్చేది కాగితం గురి మీదే అయితే ఖరీదైన బుల్లెట్లు అక్కర్లేదు. మందు, ప్రైమర్లు ఇంటికి తెప్పించుకుంటే ప్రమాదకర సరుకు రుసుము వేస్తారు. అది మామూలుగా ఒక్కో పార్సిల్‌కు ఇంత అని ఉంటుంది కనుక విడివిడిగా తెప్పించడం శుద్ధ దండగ. అలాగని నాలాగా పౌను ధర తక్కువని ఒకేసారి ఎనిమిది పౌన్ల డబ్బా కొనకండి. పెద్ద రేకుల మందు అది. మోతాదు కొలిచి పోసే నా పౌడర్ మెజర్‌లోంచి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పడేది. సగం డబ్బా నాలుగేళ్లు అలాగే ఉండిపోయింది.

మీ 9 ఎం.ఎం. తొడుగు పొట్టిది, దాని పీడన పరిమితి 35,000 పౌన్లు. దీనికి మధ్యస్థంగా మండే మందులు బాగా కుదురుతాయి. యూనిక్ అనే మందు తీసుకుంటే రేకులుగా, గుల్లగా ఉంటుంది, తొడుగును బాగా నింపుతుంది. మెజర్‌లోంచి సమానంగా జారదు. హెచ్‌పీ-38 చక్కగా జారుతుంది, కానీ అంతగా నింపదు. విన్చెస్టర్ 231 పేరుతో అమ్మేది కూడా ఇదే మందు, కనుక రెండింటిలో ఏది చవకగా దొరికితే అది కొనవచ్చు, మోతాదు మాత్రం డబ్బా మీది పేరుతోనే చూసుకోండి. 1898 నుంచి ఉన్న బుల్స్ ఐ, ఈ కాలపు టైట్‌గ్రూప్ వేగంగా మండేవి, కొంచెంతోనే పని జరుగుతుంది. అనుభవజ్ఞులు వాటిని ఇష్టంగా వాడతారు. మొదటి ఏడాది మీరు వాటి జోలికి వెళ్లకండి. హెచ్110 ఎక్కువ శక్తి గల మాగ్నమ్ తూటాల కోసం, మీకు అవసరమే లేదు.

నా మాట అడిగితే యూనిక్‌తో మొదలుపెట్టమంటాను. సమానంగా జారదన్న లోపం మీకు ఇప్పుడు లోపం కాదు. కొత్తలో ఎలాగూ ప్రతి మోతాదునూ కాటా మీద తూచాలి. గంటకు వందలు చేసే యంత్రం ఉన్నవారికి ఆ ఇబ్బంది, మీకు లేదు.

మోతాదు ఎంత అని నన్ను అడగకండి. ఎవరు చెప్పినా నమ్మకండి. మందు తయారుచేసినవారు ప్రచురించిన పట్టికలో మీ బుల్లెట్ బరువు, ఆకారం, తూటా మొత్తం పొడవు చూసి, అందులోని ప్రారంభ మోతాదుతో మొదలుపెట్టండి. 9 ఎం.ఎం.లో బుల్లెట్ కొంచెం లోతుగా దిగినా పీడనం గబగబా పెరుగుతుంది, అందుకే పొడవు కొలిచి తీరాలి. ఆదా అవుతుంది కదా అని ప్రారంభ మోతాదుకు కిందికి దిగడమూ తప్పే. నేను దిగాను. పిస్టల్ పైన కదిలే స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లక, ఖాళీ తొడుగు బయటపడక ఒక పూట రేంజి రుసుము వృథా అయింది. అంతకంటే ఘోరం, మందు చాలక బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కోవడం. చప్పుడు నీరసంగా వినిపిస్తే అక్కడే ఆగి, తుపాకీ ఖాళీ చేసి, గొట్టంలోంచి వెలుగు కనిపిస్తోందో లేదో చూడండి. ఇరుక్కున్నదాని మీద ఇంకొకటి కాలిస్తే గొట్టం చీలిపోవచ్చు.

బల్ల మీద ఎప్పుడూ ఒకే డబ్బా ఉండాలి. మందును దాని డబ్బాలోనే ఉంచండి, వేరే సీసాలోకి పోయకండి, రెండు రకాలు కలపకండి. మూత తీయగానే ఘాటైన ఆమ్లం వాసన వచ్చినా, ఎర్రటి దుమ్ము కనిపించినా ఆ మందు చెడిపోయినట్టే. ఎంత మిగిలి ఉన్నా వదులుకోండి. ఫోను పక్క గదిలో పెట్టండి.

ఒక పౌను కొని, 50 తూటాలు మాత్రమే చేయండి. మొదలుపెట్టే ముందు తీసుకున్న మందు బరువు, చివర మిగిలిన బరువు రాసిపెట్టుకోండి. లెక్కలో ఒక మోతాదంత తేడా వచ్చినా ఆ 50నీ విప్పండి, ఆ తర్వాతే నాకు రాయండి.